బ్రిటన్‌కు కాబోయే ప్రధాని శ్రీ తెలియదు గారు

బ్రిటన్‌లో అసలైన ప్రజాబలం ఎవరికుందో బయటపెట్టే సాహసం మన విశ్లేషకులెవరూ ఇంతవరకు చెయ్యలేదు. ఆ భారం నేనే మోస్తాను. ఆయన పేరు తెలియదు. నాకు తెలియదని కాదండీ, ఆయన పేరే అది.

అక్కడి సర్వే సంస్థలకు తోచినప్పుడల్లా ‘ఈ కింది వారిలో ప్రధానిగా ఎవరైతే మేలు?’ అని జనాన్ని అడగడం అలవాటు. గొప్పవాళ్ళ పేర్లన్నీ పైన వేసి, పెళ్ళిపందిట్లో దూరపు బంధువుని చివరి బంతికి కూర్చోబెట్టినట్టు, ‘తెలియదు’ అని ఈయన్ని అట్టడుగున పడేస్తారు. ఆ అడుగు నుంచే ఆయన గెలుచుకొస్తున్నారు. 2018 ప్రాంతంలో యూగవ్ అనే సర్వే సంస్థ వాళ్ళు అప్పటి ప్రధాని థెరిసా మే మేలా, ప్రతిపక్ష నేత జెరెమీ కోర్బిన్ మేలా అని పదే పదే అడిగితే, చాలాసార్లు ఇద్దర్నీ తోసుకుని తెలియదు గారే ముందుకొచ్చారు. టీవీల్లో మాత్రం రెండో స్థానం వాళ్ళ గురించీ మూడో స్థానం వాళ్ళ గురించీ గంటలు గంటలు చర్చ. మొదటివాడి ఊసు లేదు. ఇంత అన్యాయం మన పంచాయతీ ఎన్నికల్లో కూడా జరగదు.

ఈ విషయం నాకెలా తెలిసిందంటే, మా మేనల్లుడు లండన్ ఈస్ట్ హామ్‌లో మరో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉంటూ ఎమ్మెస్సీ చదువుతున్నాడు. ఖర్చులకి ఫోన్లో సర్వేలు నింపుతుంటాడు. ఒక్కో సర్వేకి ఇన్ని పాయింట్లు, పాయింట్లు పోగైతే నాలుగు పౌండ్లు. మొన్న వీడియో కాల్లో ఒక చేత్తో పప్పు కలుపుతూ రెండో చేతి బొటనవేలితో బ్రిటన్ భవితవ్యం తేలుస్తున్నాడు.

“ఏం పెట్టావురా?”

“తెలియదు అని పెట్టా మావయ్యా. ఏది నొక్కినా పాయింట్లు అవే.”

“నీకక్కడ ఓటు కూడా లేదుగా, నిన్నెందుకు అడుగుతున్నారు?”

“ఎందుకు లేదు?” అన్నాడు. నిజమే. మన దేశం లాంటి కామన్వెల్త్ దేశాల వాళ్ళు చట్టబద్ధంగా అక్కడ ఉంటుంటే పార్లమెంటు ఎన్నికల్లో ఓటెయ్యొచ్చు. 2024 మే 13న తెనాలిలో పోలింగైతే జాబితాలో పేరుండీ వీడు వెయ్యలేకపోయాడు. విమానమెక్కి వచ్చి స్వయంగా వరసలో నిలబడాలాయె. జులై 4న అక్కడి పోలింగ్‌కి మాత్రం చెప్పులేసుకుని వీధి చివరికి నడిచి, భారత పాస్‌పోర్టు చూపించి, తాడు కట్టిన పెన్సిలు ముక్కతో బ్రిటన్ ప్రభుత్వాన్ని మార్చొచ్చాడు. వాడి బాధల్లా ఒకటే, వేలికి సిరా చుక్క పెట్టలేదు, స్టేటస్ పెట్టుకోవడానికి రుజువు లేదు.

మా వాడి ఓటైనా లెక్కలోకొచ్చింది. ప్రధానిని ఎంచుకునే అసలు పద్ధతికి ఓట్లతో అంత పని లేదు. 2022లో బోరిస్ జాన్సన్ దిగిపోయాక ఆ దేశానికి నాయకుణ్ణి ఎవరు ఎన్నుకున్నారో తెలుసా? అధికారంలో ఉన్న కన్జర్వేటివ్ పార్టీ సభ్యులు. మొత్తం ఓటు హక్కున్నవాళ్ళు 1,72,437 మంది. 2011 జనాభా లెక్కల్లో మా తెనాలి మునిసిపాలిటీ జనం లక్షా అరవై వేల పైచిలుకు. అంటే ఒక తెనాలి కూర్చుని అణ్వస్త్రాలున్న దేశానికి ప్రధానిని తేల్చేసింది. 81,326 ఓట్లతో లిజ్ ట్రస్‌ని గెలిపించింది. ఆవిడ 49 రోజులు పాలించారు. ఒక పత్రిక అరవై పెన్నీల లెట్యూస్ ఆకుకూరని కెమెరా ముందు పెట్టి ఆవిడ పదవి ముందు పోతుందో, ఇది ముందు వాడుతుందో చూద్దామంటే, ఆకుకూరే గెలిచింది. మన గోంగూర అయితే రెండో రోజుకే ఓడిపోయేది, అది వేరే విషయం.

ఆ తర్వాత తెనాలిని అడగడం కూడా దండగనుకున్నారు. వంద మంది ఎంపీల మద్దతుంటేనే పోటీకి రావాలన్నారు. చివరికి మిగిలింది రిషి సునాక్ ఒక్కరే. ఏడు వారాల కింద ట్రస్ చేతిలో ఓడిపోయిన ఆయన్నే, సరిగ్గా దీపావళి రోజున, ఒక్క ఓటు పడకుండా పార్టీ నాయకుణ్ణి చేశారు. మర్నాడు ప్రధాని. నారాయణమూర్తి గారి అల్లుడు కదా, బెంగళూరు అల్లుడు తెనాలికి ఏ వరస అవుతాడో తేల్చడానికి మా పెద్దత్తకి అర నిమిషం పట్టలేదు. వాట్సాప్ గ్రూపు నిండా చిచ్చుబుడ్లు. 2024 జులైలో ఆయన ఓడిన రోజు అదే గ్రూపులో గుడ్ మార్నింగ్ గులాబీలు తప్ప ఏమీ లేవు.

అప్పుడు గెలిచిన లేబర్ పార్టీ నాయకుడు కీర్ స్టార్మర్‌దీ విచిత్రమే. వచ్చిన ఓట్లు 34 శాతం లోపు, దక్కిన సీట్లు 650లో 411. పోలింగే 60 శాతం. నూరు మంది ఓటర్లలో ఇరవై మంది ఔనంటే దాన్ని ప్రభంజనమన్నారు. మిగతా ఎనభైలో సగం ఇల్లు కదలలేదు. వాళ్ళంతా తెలియదు గారి అభిమానులని నా అనుమానం. ఏడాది తిరిగేసరికి, 2025 సెప్టెంబర్లో, ఇప్సోస్ అనే సర్వే సంస్థ అడిగితే స్టార్మర్ పని నచ్చిందన్నవాళ్ళు 13 శాతం. ఆ వెంటనే వారసుల జాబితాలు బయల్దేరాయి. ఆండీ బర్నమ్ పేరు అందరికంటే గట్టిగా వినిపించింది. అప్పటికాయన మాంచెస్టర్ ప్రాంతానికి మేయరు, పార్లమెంటులో సభ్యుడు కూడా కాదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు ఊరికే అన్నారా!

ఇక మా అభ్యర్థి అర్హతలు. ఆ దేశానికి ఒక్కచోట రాసిపెట్టుకున్న రాజ్యాంగం లేదు కాబట్టి ఆయన్ని అడ్డుకునే అధికరణమూ లేదు. స్టార్మర్‌లా వృద్ధుల చలికాలపు భత్యానికి కోత పెట్టి, ఏడాది తిరక్కుండా నాలిక కరుచుకోనక్కర్లేదు. అసలు ఏమీ చెప్పని మనిషికి మాట మార్చే ప్రమాదమే లేదు. జాన్సన్‌లా లాక్‌డౌన్‌లో తన ఆఫీసులోనే పుట్టినరోజు చేసుకుని పోలీసులకి జరిమానా కట్టలేదు. బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి సభలో ప్రతిపక్షం ఏమడిగినా లేచి “తెలియదు” అని కూర్చుంటారు. ఇన్నాళ్ళుగా అక్కడ చెబుతున్న జవాబుల సారం అదే, ఈయనైతే అరగంట మిగులుస్తారు.

పోటీ అంటూ ఉంటే ఒక్క లారీతోనే. 2011లో జంతువుల ఆశ్రమం నుంచి ప్రధాని నివాసానికి తెచ్చుకున్న పిల్లి అది. కామెరాన్ మొదలు స్టార్మర్ దాకా ఆరుగురు ప్రధానుల్ని చూసింది, ఇల్లు మాత్రం ఖాళీ చెయ్యలేదు. కానీ దానికి నిశ్చితాభిప్రాయాలున్నాయి, ముఖ్యంగా ఎలకల మీద. ఈ కాలంలో అది ఓట్లు పోగొడుతుంది.

ఇదంతా మా వాడికి వివరించి, ఇంతకీ ఎవరొస్తే నీకు మంచిదిరా అన్నాను. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే రెండేళ్ళ గడువుని 2027 జనవరి నుంచి పద్దెనిమిది నెలలకి కుదిస్తున్నారట. ప్రధాని పదవికి ఆశపడుతున్న పెద్దలు చాలామంది ఇంకా బిగిస్తామనే చెబుతున్నారు.

“మరి నీ వీసా సంగతో?”

“తెలియదు మావయ్యా.” పప్పు కలపడం ఆపాడు. కాసేపటికి ఫోను టింగుమంది. ఇంకో సర్వే, బిస్కెట్ల మీద. దీనికి పాయింట్లు ఎక్కువట, పెట్టేశాడు.