‘లైనక్స్‌లన్నీ ఒక్కటే, ఇంట్లో మార్చి మార్చి చూడటం దండగ’ అన్న ప్రచారంలోని తప్పులు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అప్పటి నుంచి భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చేతులు మారుతూనే ఉంది. విండోస్ బదులు ఉచితంగా వేసుకోగల లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రకాలన్నీ పేర్లు మార్చిన ఒకే సరుకు కనుక ఒకదాని తర్వాత ఒకటి వేసి చూడటం కాలహరణమని, అలా చూస్తే డిస్కులోని ఫొటోలు, కాగితాలు పోతాయని, వాటిలో తెలుగు రాయడం కుదరదని, మాటిమాటికీ కరెంటు పోయే మన ఊళ్లలో అవి పాడైపోతాయని, ప్రింటరు, వైఫై పనిచేయవని, బీఎస్‌డీలు (లైనక్స్ కాని మరో ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ల కుటుంబం) సర్వర్లకే తప్ప ఇంటికి పనికిరావని, కాబట్టి కొత్త కంప్యూటరైనా కొనాలని, లేదంటే కళ్లు మూసుకుని ఉబుంటు అనే లైనక్స్ వేసి వదిలేయాలని దాని సారాంశం. ఇందులో ఒకటి రెండు మాటల్లో కొంత నిజముంది. మిగిలినవి విని నమ్మి, ఇంకా కొన్నేళ్లు చక్కగా పనిచేయగల యంత్రాలను పాత సామాన్ల వాడికి తూకానికి ఇచ్చేస్తున్నవారు ఉన్నారు కనుక, ఒక్కొక్క మాటకూ సమాధానం చెప్పవలసి వస్తోంది.

అన్నీ ఒక్కటే అన్న మొదటి మాటకు ఆధారం కెర్నల్, అంటే యంత్ర భాగాలను నడిపే మూలభాగం. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ఆ కెర్నల్ లైనక్స్ రకాలైన డెబియన్‌లోనూ, ఫెడోరాలోనూ, ఆర్చ్‌లోనూ ఉన్న మాట వాస్తవమే. స్వర్ణ, 1010 రెండూ మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన వరి వంగడాలే. అయినా సార్వాకు వేసేదాన్నే దాళ్వాకూ వేయమని ఏ రైతూ చెప్పడు. కెర్నల్ చుట్టూ ఏమి పేర్చారు, ఎంత తరచుగా మారుస్తారు, ఎన్నాళ్లు కనిపెట్టుకుని ఉంటారు అన్న ప్రశ్నల దగ్గరే ఒక లైనక్స్ మరొక లైనక్స్ నుంచి వేరుపడుతుంది. డెబియన్ స్థిర విడుదల దాదాపు రెండేళ్లకొకసారి వస్తుంది, దీర్ఘకాల మద్దతుతో కలిపి సుమారు అయిదేళ్లు నిలుస్తుంది, మధ్యలో ఎక్కువగా భద్రతా సవరణలే వస్తాయి. ఫెడోరా ఆరు నెలలకొకసారి కొత్తది వస్తుంది, ఒక్కొక్క విడుదలకు దాదాపు 13 నెలలే మద్దతు ఉంటుంది. ఆర్చ్‌కు విడుదలలే లేవు, నిత్యం మారుతూనే ఉంటుంది. ఫోన్‌లో రోజువారీ డేటా ప్యాకే ఇంటర్నెట్‌గా ఉన్న లంక గ్రామంలోని ఇంటికి ఈ తేడా చిన్నది కాదు. ఆర్చ్‌ను వారాల తరబడి పక్కన పెట్టి ఒకేసారి నవీకరిస్తే దించుకోవలసిన పరిమాణం ఆ రోజు ప్యాకును మింగేయవచ్చు, డెబియన్‌లో అదే పని చాలా తక్కువతో అయిపోతుంది. ఇక తెర వెనుక నడిచే సేవలను మొదలుపెట్టే పద్ధతి కూడా వేరు: డెబియన్ 2015లో వచ్చిన ఎనిమిదో విడుదల నుంచి సిస్టమ్‌డీ అనే సాధనాన్ని వాడుతోంది, వాయిడ్ రన్‌ఇట్ అనేదాన్ని వాడుతుంది, ఆల్పైన్ ఏకంగా ప్రోగ్రాములన్నిటికీ మూలమైన సీ లైబ్రరీనే మార్చి, ఎక్కువగా వాడే గ్లిబ్‌సీ బదులు మజిల్‌ను పెట్టుకుంది, అందువల్ల గ్లిబ్‌సీ కోసం తయారైన కొన్ని ప్రోగ్రాములు అందులో నేరుగా నడవవు.

కంటికి కనిపించే డెస్క్‌టాప్ సంగతి కూడా రంగుల మార్పు కాదు. 2011లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ మూడో రూపం వచ్చి పాత మెనూ, కింది పట్టీ పద్ధతిని వదిలేసినప్పుడు, ఆ పద్ధతికి అలవాటుపడిన వారి కోసం మాటే, సినమన్ పుట్టాయి. విండోస్ ఎక్స్‌పీ కాలంలో మౌసు పట్టిన పెద్దవారు సినమన్ ముందు కూర్చుంటే పెద్దగా ఎవరినీ అడగకుండా పని చేసుకోగలరు. అదే వ్యక్తి గ్నోమ్ ముందు తెరిచిన ప్రోగ్రాముల కిటికీలను ఎక్కడ వెతకాలో తెలియక ఆగిపోవచ్చు. ఇది చదివి తేల్చుకునే విషయం కాదు, ఆ మనిషిని ఆ తెర ముందు కూర్చోబెట్టి చూడవలసిందే. సందేశం రాసినవారు ఉబుంటు, కుబుంటు, జుబుంటుల మధ్య మాటిమాటికీ ఫార్మాట్ కొట్టడం అనవసరమని చెప్పి ఉంటే దానితో ఏకీభవించేవాడిని, ఎందుకంటే ఆ మూడింటికీ ప్రోగ్రాములు (ప్యాకేజీలు) వచ్చే నిల్వ ఒక్కటే, ఒకదానిపై మరొక డెస్క్‌టాప్‌ను చేర్చుకుంటే సరిపోతుంది. ఇక్కడే మరొకటి కూడా చెప్పాలి: తిరిగే హార్డ్ డిస్కు ఉన్న పాత సిస్టమ్‌కు ఎస్‌ఎస్‌డీ వేయిస్తే వచ్చే వేగం ఏ లైనక్స్ మార్చినా రాదు.

వేసి చూస్తే ఫైళ్లు పోతాయన్న రెండో మాట చూడటానికీ స్థాపించడానికీ మధ్య తేడాను చెరిపేస్తోంది. మింట్, ఉబుంటు, ఫెడోరా, ఎంఎక్స్ వంటివన్నీ పెన్‌డ్రైవు నుంచే లేచి, మెమరీలో నడిచి, మనం కావాలని డిస్కును తెరిచి అందులో రాయనంత వరకు దాన్ని ముట్టకుండా ఆగిపోతాయి. వెంటాయ్ అనే సాధనంతో ఒకే పెన్‌డ్రైవులో అనేక లైనక్స్ ఇమేజీలను (స్థాపన ఫైళ్లను) ఉంచుకుని, సిస్టమ్ లేచేటప్పుడు కావలసినదాన్ని ఎంచుకోవచ్చు. బీఎస్‌డీలకు మాత్రం విడి పెన్‌డ్రైవు పెట్టుకోవడం మేలు. ప్రమాదం స్థాపన దశలో ఉంది, దానికి ముందు ముఖ్యమైనవాటిని బయటి డిస్కుకు నకలు తీసుకోవడం, విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోవడం, ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయడం తప్పనిసరి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, దాని డిస్కు విభాగం సగం తెరిచినట్లే ఉండిపోతుంది, ఆ స్థితిలో లైనక్స్ నుంచి అందులో రాస్తే నిజంగానే నష్టం జరుగుతుంది. రెండింటినీ ఒకే సిస్టమ్‌లో ఉంచినవారిని గడియారం అయిదున్నర గంటలు తేడా చూపడం కూడా కంగారు పెడుతుంది. మదర్‌బోర్డులోని గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగానూ, లైనక్స్ అంతర్జాతీయ సమయంగానూ చదవడమే దానికి కారణం, ఒక అమరికతో సరిపోతుంది. పాత సిస్టమ్‌లలో బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోవడం మాత్రం వేరే సమస్య. అప్పుడు వెబ్‌సైట్ల ధ్రువపత్రాలు చెల్లవని బ్రౌజరు అంటుంది, ప్యాకేజీల సంతకాలు కూడా నిరాకరణకు గురికావచ్చు, చాలామంది ఆ తప్పును లైనక్స్ మీద వేస్తారు.

తెలుగు రాయడం కుదరదన్నది ఈ సందేశంలోకెల్లా నన్ను బాధించిన మాట. అన్ని భాషల అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణంలో తెలుగు 1991లో వచ్చిన మొదటి రూపంలోనే ఉంది. వత్తులను, గుణింతాలను సరిగా కూర్చే హార్ఫ్‌బజ్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే, దాన్ని లైనక్స్ డెస్క్‌టాప్‌లే కాక ఆండ్రాయిడ్ ఫోన్లు, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ కూడా వాడుతున్నాయి. అంటే ఆ సందేశాన్ని తెలుగులో చదివినవారిలో చాలామంది దాన్ని చదివింది హార్ఫ్‌బజ్ కూర్చిన అక్షరాల్లోనే. భాషల టైపింగుకు లైనక్స్‌లో వాడే ఐబస్‌లో ఎం17ఎన్ అనే కీబోర్డుల కట్టను చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ టైపింగు పద్ధతులు మూడూ దొరుకుతాయి. ఐబస్ వద్దనుకున్నా తెర మీద కిటికీలను చూపే ఎక్స్ విండో వ్యవస్థ కీబోర్డు పట్టికల్లోనే తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అమరిక ఉంది కనుక, ఓపెన్‌బీఎస్‌డీలో కూడా అదనపు టైపింగు ప్రోగ్రాము ఏదీ దించుకోకుండా తెలుగు టైపు చేయవచ్చు. లోహిత్, నోటో, పోతన, మండలి వంటి ఫాంట్లు ఉచితం. డెబియన్ ఆధారంగా తెలుగు డెస్క్‌టాప్‌ను తయారుచేసిన స్వేచ్ఛ సంస్థ, భారతీయ భాషల కోసం బాస్ లైనక్స్‌ను రూపొందించిన సీ-డాక్ మన దేశంలోనే ఉన్నాయి.

అయితే రెండు లోపాలను దాచడం తగదు. ఆదేశాలు టైపు చేసే టెర్మినళ్లలో చాలావాటిలో తెలుగు వత్తులు సరిగా కుదరవు, అక్షరాలు ఒకదానిపై ఒకటి పడతాయి. రెండోది మన ప్రాంతపు డీటీపీ సెంటర్లకు సంబంధించింది: శుభలేఖలు, కరపత్రాలు ఇప్పటికీ అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసే చోట, ఆ ఫాంట్లు యూనికోడ్ పద్ధతివి కావు, వాటి కీబోర్డు ప్రోగ్రాము విండోస్‌ది. ఆ పని మీద బతికేవారు ఆ యంత్రాన్ని కదపకూడదు. ట్యాలీలో లెక్కలు రాసే బియ్యం మిల్లులకు, రొయ్యల వ్యాపారులకు కూడా నేను ఇదే చెబుతాను. కానీ అది ఆయా ప్రోగ్రాముల పరిమితి, లైనక్స్‌కు తెలుగు రాకపోవడం కాదు.

కరెంటు గురించిన నాలుగో మాట వేసవి కోతలు, తుపాను వస్తే రోజుల తరబడి చీకటి అనుభవించే మనకు సహజంగానే నిజమనిపిస్తుంది. హఠాత్తుగా కరెంటు పోయినప్పుడు డిస్కు నిర్మాణం చెడకుండా ఉండటానికి, చేయబోయే మార్పును ముందుగా ఒక చిట్టాలో రాసుకునే పద్ధతిని జర్నలింగ్ అంటారు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థలో (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతిలో) ఇది ఉంది; లైనక్స్‌లో 2008 డిసెంబరు కెర్నల్‌తో స్థిరపడిన ఎక్స్ట్4లోనూ ఉంది. ఫెడోరా వర్క్‌స్టేషన్ 2020 నుంచి వాడుతున్న బీటీఆర్ఎఫ్ఎస్, ఫ్రీబీఎస్‌డీ స్థాపకం ముందుంచే జెడ్ఎఫ్ఎస్ ఇంకో అడుగు వేసి, పాత సమాచారం మీద రాయకుండా కొత్తదాన్ని వేరే చోట రాశాకే దానికి మారతాయి. దీనికి భిన్నంగా ఓపెన్‌బీఎస్‌డీ ఫైల్ వ్యవస్థలో జర్నలింగ్ లేదు. కరెంటు పోయి వచ్చాక అది డిస్కు మొత్తాన్ని పరీక్షించుకుంటుంది, పెద్ద డిస్కుకు సమయం పడుతుంది, ఒక్కోసారి మనమే కూర్చుని సరిచేయవలసి వస్తుంది. ఇన్వర్టరు లేని ఇంట్లో డెస్క్‌టాప్ సిస్టమ్ మీద ఓపెన్‌బీఎస్‌డీని నేను సూచించను, బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాప్ మీదైతే అభ్యంతరం లేదు. అన్నీ ఒక్కటే అన్న మొదటి మాటా, అన్నీ పాడవుతాయన్న ఈ నాలుగో మాటా ఇక్కడ కలిసే కూలిపోతాయి.

నిజమైన అపాయం నవీకరణ జరుగుతుండగా కరెంటు పోవడం. డెబియన్ కుటుంబంలో సగంలో ఆగిన ప్యాకేజీలను చాలా సందర్భాల్లో ఒక్క ఆదేశంతో పూర్తి చేయించవచ్చు గాని, కొత్తవారికి ఆ నల్లటి తెర భయం పుట్టిస్తుంది. ఫెడోరా సిల్వర్‌బ్లూ వంటివి దీనికి మంచి జవాబు: కొత్త రూపాన్ని పక్కన పూర్తిగా తయారుచేసి, మళ్లీ లేచినప్పుడు మాత్రమే అందులోకి మారతాయి, మధ్యలో కరెంటు పోతే పాతదే చెక్కుచెదరకుండా లేస్తుంది. ఓపెన్‌సూసే బీటీఆర్ఎఫ్ఎస్ స్నాప్‌షాట్లతోనూ, ఫ్రీబీఎస్‌డీ జెడ్ఎఫ్ఎస్ బూట్ ఎన్విరాన్‌మెంట్లతోనూ దాచి ఉంచిన పాత స్థితికి వెనక్కి వెళ్లే దారి ఇస్తాయి. కోతలు ఎక్కువగా ఉండే ఊళ్లో ఏది ఎంచుకోవాలన్న ప్రశ్నకు డెస్క్‌టాప్ అందం కంటే ఈ గుణమే ముందు చూడవలసినదని నా అభిప్రాయం.

ప్రింటరు, వైఫైల విషయంలో సందేశం సగం నిజం చెప్పింది. లైనక్స్‌లోనూ బీఎస్‌డీలలోనూ ముద్రణను నడిపే కప్స్ ఆపిల్ మ్యాక్‌లలోనూ ఉన్నదే, ఎయిర్‌ప్రింట్‌ను అర్థం చేసుకునే ప్రింటర్లకు సాధారణంగా విడి డ్రైవరు అక్కరలేదు, హెచ్‌పీ ప్రింటర్లలో అధికభాగానికి హెచ్‌పీలిప్ అనే డ్రైవర్ల కట్ట ఉంది. కెనాన్ ఎల్‌బీపీ 2900 వంటి పాత లేజర్ ప్రింటర్లు మాత్రం ఆ కంపెనీ సొంత పద్ధతిలోనే మాట్లాడతాయి, వాటిని లైనక్స్‌లో కుదర్చడం శ్రమతో కూడిన పని, బీఎస్‌డీలో ఆశ పెట్టుకోకపోవడం మంచిది. వైఫైకి సంబంధించి, డెబియన్ 2023 జూన్‌లో వచ్చిన పన్నెండో విడుదల నుంచి చిప్‌లను నడిపించే ఫర్మ్‌వేర్‌ను స్థాపన ఇమేజీలోనే ఇస్తోంది కనుక పాత ఫిర్యాదుల్లో చాలా భాగం తీరిపోయింది. ఓపెన్‌బీఎస్‌డీలో కొన్ని వైఫై చిప్‌ల ఫర్మ్‌వేర్‌ను నెట్ నుంచి తెచ్చుకోవాలి. అప్పటికి ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే సాధారణంగా పని జరుగుతుంది.

బీఎస్‌డీలు ఇంటికి కావన్నది ఆరో మాట. 1993లో మొదలైన ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీలు, 1995లో నెట్‌బీఎస్‌డీ నుంచి విడిపోయిన ఓపెన్‌బీఎస్‌డీ లైనక్స్ కుటుంబంలోనివే కావు. కెర్నల్‌ను, దాని చుట్టూ ఉండే మూల సాధనాలను ఒకే బృందం ఒకే చోట రాస్తుంది. అందుకే వాటి మాన్యువల్ పేజీలకూ వాస్తవ ప్రవర్తనకూ మధ్య పొంతన బాగుంటుంది, ఇంజినీరింగ్ చదివే పిల్లలకు ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి తీరు నేర్చుకోవడానికి ఇంతకు మించిన చోటు లేదని నమ్ముతాను. ఫైర్‌ఫాక్స్, క్రోమియం, లిబ్రేఆఫీస్ వీటిలో దొరుకుతాయి. ఫ్రీబీఎస్‌డీ సొంత ఇమేజీ డెస్క్‌టాప్‌ను చూపదు గాని, దానిపై కట్టిన ఘోస్ట్‌బీఎస్‌డీ పెన్‌డ్రైవు నుంచే మాటే డెస్క్‌టాప్‌తో లేస్తుంది. లోపాలూ స్పష్టంగా ఉన్నాయి: ఓపెన్‌బీఎస్‌డీ బ్లూటూత్‌ను 2014లోనే తీసివేసింది, సినిమాల ఓటీటీ సైట్లు అడిగే వైడ్‌వైన్ రక్షణ అందులో లేదు. ఇంటిల్లిపాదీ వాడే సిస్టమ్‌కు కాక, విడి డిస్కు మీద పెట్టి చూసేందుకు ఇవి తగినవి.

కళ్లు మూసుకుని ఉబుంటు వేసి వదిలేయమన్న చివరి సలహాలో ఉబుంటుకు నేను వ్యతిరేకిని కాను. 4 జీబీ మెమరీ, పాత ప్రాసెసరు ఉన్న యంత్రం మీద అది బరువుగా అనిపిస్తే ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలిక డెస్క్‌టాప్‌తో వచ్చే మింట్ గాని, ఇంకా తక్కువ మెమరీ ఉంటే యాంటీఎక్స్ గాని తేలికగా నడుస్తాయన్నది పక్కపక్కన లేపి చూసిన ఎవరికైనా తెలుస్తుంది. అసలు చిక్కు ‘వదిలేయండి’ అనడంలో ఉంది. ఉబుంటు ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) విడుదలకు అయిదేళ్లు సాధారణ మద్దతు ఉంటుంది, 2024 ఏప్రిల్‌లో వచ్చిన 24.04కు అది 2029 వరకు సాగుతుంది. మధ్యలో వచ్చే మామూలు విడుదలలకు 9 నెలలే. కళ్లు మూసుకుని దించుకున్నది ఆ రెండో రకమైతే, ఏడాది తిరగకుండానే ఆ సిస్టమ్ భద్రతా సవరణలు రాని విండోస్ 10 ఉన్న స్థితికే చేరుతుంది.