యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కు మూలం థైరాయిడ్ అంటున్న ఆ సందేశానికి నా జవాబు

ఫోన్లలో తిరుగుతున్న ఒక సందేశం ఈ నెలలో నాకు నాలుగుసార్లు వచ్చింది. పంపినవాళ్లంతా నా మంచి కోరేవాళ్లే. నాకు థైరాయిడ్ తక్కువని, మాటిమాటికీ యూరిన్ ఇన్‌ఫెక్షన్‌తో మంచం పడుతుంటానని వాళ్లకు తెలుసు. సందేశం సారాంశం ఇది: "ఇన్‌ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తోందంటే అసలు జబ్బు థైరాయిడే. ఒళ్లు చల్లబడటం వల్ల క్రిములు పెరుగుతాయి. థైరాయిడ్ మాత్ర కాస్త పెంచుకోండి. అయోడిన్ చుక్కలు వాడండి. పొద్దున్నే మాత్రతోపాటు వంటసోడా నీళ్లు తాగండి. యాంటీబయాటిక్స్ ఆపేయండి. మూత్రం పరీక్షలు దండగ."

మంటతో రాత్రంతా బాత్రూమ్ చుట్టూ తిరిగిన మనిషికి ఇలాంటి మాట ఎంత ఆశ పుట్టిస్తుందో నాకు తెలుసు. ఆ ఆశతో ఎవరైనా మందు ఆపేస్తారేమోనన్న భయంతోనే ఇది రాస్తున్నాను.

మొదటిది, ఒళ్లు చల్లబడటం. థైరాయిడ్ తక్కువైనవాళ్లకు చలి ఎక్కువ అనిపించే మాట నిజమే. కానీ మూత్రాశయంలో ఇన్‌ఫెక్షన్‌కు చాలావరకు కారణం ఈ.కోలై. అది మన పేగుల్లో ఉండే బ్యాక్టీరియా, 37 డిగ్రీల దగ్గర, అంటే మామూలు ఒంటి వేడిలోనే హాయిగా పెరుగుతుంది. పెరగడానికి దానికి చల్లదనం అక్కర్లేదు. ఆడవాళ్లలో మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే కాబట్టి లోపలికి చేరడం దానికి తేలిక. 6 నెలల్లో రెండుసార్లు గానీ, ఏడాదిలో మూడుసార్లు గానీ వస్తే దాన్ని 'మళ్లీ మళ్లీ వచ్చే ఇన్‌ఫెక్షన్' అంటారు. అప్పుడు వెతకాల్సిన కారణాలు వేరే ఉన్నాయి: లైంగిక సంబంధం, నెలసరి ఆగాక వచ్చే మార్పులు, రాళ్లు, షుగర్, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవడం.

అయితే థైరాయిడ్‌కు అసలు సంబంధమే లేదని కూడా అనను. థైరాయిడ్ తక్కువైతే పేగుల కదలిక మందగించి మలబద్ధకం వస్తుంది. పేగు నిండి మూత్రాశయం మీద ఒత్తిడి పెడితే మూత్రం కొంత లోపలే మిగిలిపోవచ్చు. నిలవ ఉన్న మూత్రంలో క్రిములు పెరగడం సులువు. నా మట్టుకు నేను మలబద్ధకాన్ని చిన్న విషయంగా తీసుకోవడం మానేశాను. డాక్టర్‌కు చెప్పడానికి మొహమాటపడాల్సిన సంగతి కాదది.

ఇక మాత్ర పెంచుకోమనడం. ఈ సలహా చూస్తే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే దాని ఫలితం నేను అనుభవించాను. ఒకసారి ఇన్‌ఫెక్షన్‌తో జ్వరం వచ్చి తగ్గుతున్న వారంలోనే నాకు థైరాయిడ్ పరీక్ష చేశారు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్, థైరాయిడ్ తగ్గితే ఇది పెరుగుతుంది) ఎక్కువ ఉందని మోతాదు పెంచారు. నెల తిరిగేసరికి గుండెదడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం మొదలయ్యాయి. గట్టి జబ్బు చేసినప్పుడు టీఎస్‌హెచ్ తగ్గవచ్చు, కోలుకునేటప్పుడు కొన్నాళ్లు పెరగవచ్చు. ఆ అంకెను బట్టి మోతాదు మార్చడం తొందరపాటు. థైరాయిడ్ మాత్రలో ఉండే హార్మోన్ థైరాక్సిన్ మన ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అందుకే మోతాదు మార్చాక 6 నుంచి 8 వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేస్తారు. అవసరానికి మించి ఏళ్ల తరబడి వాడితే గుండె లయ తప్పవచ్చు, ఎముకలు గుల్లబారవచ్చు. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడేవాళ్లు ఆ సంగతి పరీక్షకు ముందే చెప్పాలి. అది రిపోర్టులో అంకెలను తారుమారు చేయవచ్చు.

అయోడిన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. థైరాయిడ్ తగ్గడానికి చాలామందిలో కారణం హషిమోటో జబ్బు. 1912లో జపాన్ డాక్టర్ హకారు హషిమోటో దాన్ని వివరించాడు. అందులో సొంత రోగనిరోధక శక్తే గ్రంథిని దెబ్బతీస్తుంది. అదనపు అయోడిన్ ఆ దెబ్బను మాన్పదు సరికదా, గ్రంథి పనిని ఇంకా తగ్గించవచ్చు.

వంటసోడా దగ్గర కాస్త ఆగాలి, ఒక జబ్బుకని వాడేది రెండోదాని మందుకు అడ్డుపడేది ఇక్కడే. థైరాక్సిన్ ఒంటబట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. మాత్రతోపాటు సోడా తాగితే ఆ ఆమ్లం విరిగిపోతుంది. మాత్ర సరిగా ఒంటబట్టకపోవచ్చు. పైగా సోడా నిండా సోడియం. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు అది ప్రమాదం. క్రిములను అది చంపదు. మాత్రను పరగడుపున ఉత్త నీళ్లతో వేసుకుని, తినడానికి అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఇవ్వాలి. ఇన్‌ఫెక్షన్‌కు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే, అది కూడా థైరాక్సిన్‌తో కలిపి వేసుకుంటే థైరాక్సిన్ ఒంటబట్టడాన్ని తగ్గిస్తుంది. రెండింటికీ మధ్య ఎన్ని గంటలు ఉండాలో డాక్టర్‌నో ఫార్మసిస్ట్‌నో అడగండి. నేను థైరాయిడ్ మాత్ర వాడుతున్నానని ప్రతి కొత్త డాక్టర్‌కూ ముందే చెబుతాను.

యాంటీబయాటిక్స్ ఆపేయమన్న మాటలో కాస్త నిజం ఉంది, అందుకే అది మరింత ప్రమాదకరం. బాధ ఏమీ లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా మాత్రమే కనిపిస్తే సాధారణంగా యాంటీబయాటిక్ అక్కర్లేదు. గర్భిణులు, మూత్రనాళానికి సంబంధించిన కొన్ని ఆపరేషన్లకు వెళ్లేవాళ్లు మాత్రం మినహాయింపు. ఊరికే వాడితే క్రిములు మొండికేస్తాయి. కానీ ఇన్‌ఫెక్షన్ ముదిరినప్పుడు మందు మానేస్తే అది కిడ్నీలకు ఎక్కవచ్చు.

యాంటీబయాటిక్ తగ్గించుకోవాలంటే పరిశోధించి చూసిన దారులు ఉన్నాయి. రోజుకు లీటరున్నర కంటే తక్కువ ద్రవాలు తాగే ఆడవాళ్లతో చేసిన అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. రోజూ మరో లీటరున్నర నీళ్లు అదనంగా తాగినవాళ్లకు ఏడాదిలో సగటున 1.7 సార్లు ఇన్‌ఫెక్షన్ వస్తే, తాగనివాళ్లకు 3.2 సార్లు వచ్చింది. 2022లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో మెథెనమిన్ అనే మందు, రోజూ వేసుకునే చిన్న మోతాదు యాంటీబయాటిక్‌కు దీటుగా పనిచేసింది. అది యాంటీబయాటిక్ కాదు. క్రాన్‌బెర్రీ కొందరిలో మళ్లీ రాకుండా సాయపడుతుంది గానీ వచ్చినదాన్ని తగ్గించదు. ఎంతోమంది కొంటున్న డి-మానోస్ అనే ఒక రకం చక్కెర పొడి మాత్రం 2024 నాటి పెద్ద అధ్యయనంలో ఉపయోగం చూపలేదు. నెలసరి ఆగినవాళ్లకు యోనిలో వాడే ఈస్ట్రోజెన్ (ఆడవాళ్ల హార్మోన్) క్రీమ్ బాగా పనిచేస్తుంది. నోటితో మింగే ఈస్ట్రోజెన్ థైరాక్సిన్ అవసరాన్ని పెంచవచ్చు. క్రీమ్‌లోది రక్తంలోకి చేరేది చాలా తక్కువ కాబట్టి ఆ భయం పెద్దగా ఉండదు. అది వాడటానికి సిగ్గుపడి ఏళ్లకేళ్లు బాధపడినవాళ్లు నాకు తెలుసు.

మూత్రం పరీక్షలు దండగన్నది పూర్తిగా తప్పు. యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే మూత్రాన్ని కల్చర్‌కు (క్రిములను పెంచి చూసే పరీక్షకు) ఇస్తే ఏ క్రిమి ఉందో, ఏ మందుకు లొంగుతుందో తెలుస్తుంది. కల్చర్‌లో ఏమీ రాకపోయినా మంట పోకపోతే యోని పొడిబారడమో, రాయో, ఇంకేదో వెతకాలి. నా రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక ఫైల్‌లో పెట్టుకున్నాను. డాక్టర్ వాటిని పక్కపక్కన పెట్టి చూశాకే నా చికిత్స దారిలో పడింది.

చలిజ్వరం, డొక్కలో నొప్పి, వాంతులు వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. థైరాయిడ్ మాత్ర మానేసిన పెద్దవాళ్లకు ఇన్‌ఫెక్షన్ వచ్చి, ఒళ్లు చల్లబడి, మత్తుగా, తికమకగా మాట్లాడుతుంటే అది ప్రాణాపాయ స్థితి కావచ్చు. తెల్లారేదాకా చూడకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లి, మాత్ర ఎన్నాళ్ల నుంచి వేసుకోవడం లేదో అక్కడ ముందుగా చెప్పండి.