తాళం వేసేదెవరు?

చాట్‌లో అవతలివాళ్లు టైప్ చేస్తుంటే మనకు చుక్కలు కదులుతాయి. పేజీని రిఫ్రెష్ చేయకుండానే షేర్ల ధరలు మారిపోతాయి. ఇలాంటి చాలా పనుల వెనక ఉండేది వెబ్‌సాకెట్. మామూలు వెబ్ అడిగినదానికి జవాబిచ్చి పక్కకు తప్పుకుంటుంది. వెబ్‌సాకెట్ మాత్రం ఒకసారి కలిసిందంటే లైన్ పెట్టేయదు. 2011 డిసెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 6455గా వచ్చిన దీని ప్రమాణ పత్రం, అవతల ఉన్నది ఎవరో సర్వర్ ఎలా తేల్చుకోవాలన్నది నిర్దేశించలేదు. కుకీ (మీరు లాగిన్ అయ్యారని గుర్తుంచుకోవడానికి సైట్ మీ బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచారం) కానీ, మరొకటి కానీ, మామూలు వెబ్ సర్వర్లు వాడే పద్ధతి ఏదైనా వాడుకోమంది. ఇవాళ్టి తలనొప్పులు చాలావరకు అక్కడే మొదలయ్యాయి.

కుకీ సంగతే చూడండి. ఒక సైట్‌లో లాగిన్ అయి, ఆ ట్యాబ్ అలాగే ఉంచి, ఎవరో పంపిన లింకును పక్క ట్యాబ్‌లో తెరిచారనుకుందాం. ఆ రెండో పేజీలోని నాలుగు లైన్ల జావాస్క్రిప్ట్ మొదటి సైట్‌కు వెబ్‌సాకెట్ కనెక్షన్ అడుగుతుంది. బ్రౌజర్ మీ కుకీని కూడా దానికి తగిలించి పంపేస్తుంది. మామూలు అభ్యర్థనైతే, జవాబును పరాయి పేజీ చదవకుండా సేమ్ ఆరిజిన్ నియమం అడ్డుపడేది. ఇక్కడ ఆ అడ్డు లేదు. అడుగుతున్నది ఫలానా సైట్ అని, అభ్యర్థనతో పాటు వెళ్లే ఆరిజిన్ హెడర్ అనే వివరంలో రాసి పంపడంతో బ్రౌజర్ పని అయిపోతుంది. సర్వర్ దాన్ని చూడకపోతే మీ పేరు మీద తెరుచుకున్న లైన్‌లో ఆగంతకుడు చదవగలడు, రాయగలడు కూడా. పరాయి సైట్ల నుంచి వెళ్లే అభ్యర్థనలకు కుకీలు తగలకుండా 2020లో క్రోమ్ డిఫాల్ట్‌గా కట్టడి చేయడం మొదలుపెట్టాక ఈ దాడి కష్టమైంది. పూర్తిగా పోలేదు.

మరి ఆ హెడర్ చూడాల్సింది ఎవరు? ప్రమాణం సర్వర్‌కు వదిలింది, సర్వర్ రాసేవాళ్లు తాము వాడే లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) చూసుకుంటుందనుకున్నారు, కొన్ని లైబ్రరీలు రాసేవాళ్లే చూసుకుంటారనుకున్నాయి. ఎవరికి వారే యమునా తీరే. సాకెట్.ఐఓ అనే లైబ్రరీలో 2.4.0కు ముందు వెర్షన్లు డిఫాల్ట్‌గా అన్ని డొమైన్లనూ అనుమతించేవి. గో భాషలోని గొరిల్లా వెబ్‌సాకెట్ నయం, తనంతట తానే ఆరిజిన్ సరిచూస్తుంది. కానీ డెమో ముందురోజు కనెక్షన్ తిరస్కరణకు గురైతే? చెక్‌ఆరిజిన్ ఫంక్షన్‌లో ‘రిటర్న్ ట్రూ’ (ఎవరొచ్చినా సరే) అని ఒక్క ముక్క రాస్తే టెన్షన్ తీరిపోతుంది. డెమో అయ్యాక ఆ లైన్ తీసేసేవాళ్లు ఎందరుంటారు?

లైబ్రరీ తానే పాస్‌వర్డ్ అడిగినా పొరపాట్లు తప్పలేదు. పైథాన్ ‘వెబ్‌సాకెట్స్’ లైబ్రరీలో 8.0 వెర్షన్‌తో వచ్చి 9.1లో సరిచేసిన లోపం (భద్రతా లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2021-33880) అలాంటిదే. పాస్‌వర్డ్‌ను మామూలు పద్ధతిలో పోల్చడమే ఆ లోపం. అలా రెండు పదాలను పోలిస్తే, మొదటి తేడా దగ్గరే పోలిక ఆగిపోతుంది. అంటే తొలి అక్షరాలు సరిపోయిన కొద్దీ జవాబు రవ్వంత ఆలస్యమవుతుంది. ఆ రవ్వంతను ఓపిగ్గా కొలిచేవాడికి పాస్‌వర్డ్ ముక్కముక్కగా దొరకొచ్చు. నెట్‌వర్క్ గందరగోళంలో అలా కొలవడం తేలికేం కాదు, నిజమే. కానీ తేడా ఎక్కడున్నా ఒకే సమయం తీసుకునే పోలిక ఫంక్షన్ 2012లో వచ్చిన పైథాన్ 3.3లోనే ఉంది! వాడాలన్న ఆలోచన రావడమే ఆలస్యమైంది.

లాగిన్ అయ్యామని రుజువుగా చూపే రహస్య అక్షరాల వరుసలైన టోకెన్ల కథ వేరు. వెబ్‌సాకెట్ తెరిచేటప్పుడు సొంత హెడర్లు పెట్టుకునే వీలు బ్రౌజర్ ఇవ్వదు కాబట్టి చాలామంది టోకెన్‌ను యూఆర్‌ఎల్‌లోనే పెట్టేస్తారు. అది వెళ్లి, వచ్చిన అభ్యర్థనలను సర్వర్ రాసిపెట్టుకునే లాగ్‌లలో కూర్చుంటుంది. పైగా చాలాచోట్ల తనిఖీ కనెక్షన్ మొదట్లో ఒక్కసారే. తర్వాత టోకెన్ గడువు తీరినా, మనిషి లాగౌట్ అయినా, తెరిచిన లైన్ గంటల తరబడి నడుస్తూనే ఉంటుంది.

ఏ సైట్లను అనుమతించాలో చెప్పేదాకా లైబ్రరీ కనెక్షన్ ఇవ్వకూడదన్నది మా అభిప్రాయం. అందరినీ రానిచ్చే ఆప్షన్ ఉండాల్సి వస్తే, దాని పేరు చదవగానే రాసేవాడి చెయ్యి ఆగాలి. కొత్తవాళ్లకు ఇబ్బందే. ఆ గంట ఇబ్బంది పడనివ్వండి.

అయితే ఈ మార్పులన్నీ చేయాల్సింది ఎవరు? గొరిల్లా ప్రాజెక్టునే చూడండి. నిర్వహించేవాళ్లు దొరక్క 2022 డిసెంబరులో దాన్ని మూసి అటకెక్కించారు. కొత్తవాళ్లు ముందుకొచ్చి మళ్లీ తెరిచింది 2023లో. ఇలాంటి కోడ్ మీద వ్యాపారం నడుపుకుంటున్న కంపెనీలు ఆ ప్రాజెక్టులకు ఏటా కొంత డబ్బో, తమ ఇంజినీర్ల సమయమో కేటాయించాలి. లోపం బయటపడ్డాక రాత్రంతా కూర్చుని సరిచేసే ఖర్చుతో పోలిస్తే అదేమంత పెద్ద మొత్తం కాదు.