లైను చూడకుండా ఫోను మారుస్తారా అల్లుడుగారూ!

(విజయవాడ. ఆదివారం పొద్దున, అపార్ట్‌మెంట్ సెల్లార్. కారు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. అల్లుడి చేతిలో ఫోను, స్టీరింగు కింద సాకెట్‌కి చిన్న బ్లూటూత్ స్కానరు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో టెస్ట్ డెస్క్ మీద పనిచేసి రిటైరైన అత్తగారు తన పాత మీటరు పట్టుకుని నిలబడ్డారు.)

అల్లుడు: చూశారా అత్తయ్యగారూ, స్కానర్లో ఫాల్టు కోడు యూ0121! బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ మాడ్యూల్ పలకడం లేదని ఇంజిన్ కంప్యూటరూ అంటోంది, స్టీరింగ్ కంప్యూటరూ అంటోంది. ఇద్దరు సాక్షులు. ఇంక మాడ్యూల్ మార్చాల్సిందే. నలభై వేలట.

అత్తగారు: పలకడం లేదన్నాయి గానీ, పోయిందని అనలేదుగా బాబూ.

అల్లుడు: రెండూ ఒకటే కదండీ.

అత్తగారు: ఫోన్ డెడ్ అని మాకు రోజూ కంప్లైంట్లే. వచ్చినప్పుడల్లా కొత్త ఫోను ఇస్తూ కూర్చుంటే డిపార్ట్‌మెంట్ ఏనాడో దివాలా తీసేది. ముందు లైను చూసేవాళ్ళం. అసలీ జబ్బు ఎప్పుడొస్తోంది?

అల్లుడు: స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు. లైట్లన్నీ వెలుగుతాయి, స్పీడు ముల్లు సున్నాకి పడిపోతుంది. కాస్త ముందుకెళ్ళాక మళ్ళీ మామూలే.

అత్తగారు: పోయిన మాడ్యూల్ గుంట దాటగానే లేచి కూర్చుంటుందా?

అల్లుడు: (తడబడి) లోపల సోల్డరింగ్ ఊడి ఉండొచ్చుగా!

అత్తగారు: ఉండొచ్చు. నలభై వేల అనుమానం కాబట్టి దాన్ని ఆఖర్న పెట్టుకుందాం. బ్యాటరీ చూశారా?

అల్లుడు: 12.6 వోల్టులు. ఏబీఎస్ ఫ్యూజులు కూడా బాగున్నాయి.

అత్తగారు: పర్వాలేదే! ఇప్పుడు స్కానరు పీకేసి, బ్యాటరీ నెగటివ్ విప్పండి.

అల్లుడు: గడియారం టైమంతా పోతుందండీ.

అత్తగారు: కరెంటున్న లైను మీద ఓములు కొలిస్తే మీటరు అబద్ధం చెబుతుంది. విప్పండి. ఆ సాకెట్లో పై వరసలో ఆరో పిన్ను, సరిగ్గా దాని కిందే పద్నాలుగోది. వాటి మీద పెట్టండి ప్రోబులు. అయ్యో, గుచ్చకండి, ఆనించండి చాలు!

అల్లుడు: ఇన్ని కంప్యూటర్లూ ఈ రెండు తీగల మీదే మాట్లాడుకుంటాయంటే నమ్మమంటారా?

అత్తగారు: 1986లో బాష్ కంపెనీ బయటపెట్టిన పద్ధతి, క్యాన్ బస్ అంటారు. అందరికీ ఒకటే లైను. ఎవరూ మాట్లాడకపోతే రెండు తీగల మీదా రెండున్నర వోల్టులు. ఎవరైనా నోరెత్తితే ఒకటి మూడున్నరకి లేస్తుంది, రెండోది ఒకటిన్నరకి దిగుతుంది. ఆ తేడానే మాట.

అల్లుడు: ఇద్దరూ ఒకేసారి మొదలెడితే?

అత్తగారు: చిన్న నంబరు మెసేజ్‌దే పైచేయి. రెండోవాడు అక్కడికక్కడే ఆగి, లైను ఖాళీ అయ్యాక చెబుతాడు. మనింట్లో లేని మర్యాద. ఏమొచ్చింది?

అల్లుడు: 120! బాగానే ఉంది కదండీ?

అత్తగారు: బీపీ అయితే బాగున్నట్టే. లైనుకి రెండు చివర్లా చెరో 120 ఓముల రెసిస్టరు ఉంటుంది. రెండూ ప్యారలల్‌లో ఉంటాయి కాబట్టి కలిసి సగం, అంటే 60 చూపించాలి. 120 అంటే ఒక చివర మనకి అందడం లేదన్నమాట. ప్రోబులు నాకివ్వండి. మీరు వంగి వైర్ల కట్టని ఒక్కో చోటే కదుపుతూ రండి.

(అల్లుడు డాష్‌బోర్డు కింద దూరాడు. ఇక కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.)

అల్లుడు: ఇక్కడ?

అత్తగారు: 120.

అల్లుడు: ఇక్కడ? ఎడమ సీటు ముందు, కాళ్ళ దగ్గరున్న కనెక్టరు.

అత్తగారు: 60... 120... 60... పట్టుకోండి, వదలకండి! అదే!

అల్లుడు: (కనెక్టరు ఊడదీసి) పిన్నులన్నీ పచ్చగా చిలుం పట్టాయి. కింద కార్పెట్ మీద ఈ పసుపు మరకేంటి? (వాసన చూసి) అత్తయ్యగారూ... ఇది మాగాయ ఊట!

అత్తగారు: (మీటరు తుడుస్తూ) ఏదో పాత మరక అయ్యుంటుంది.

అల్లుడు: పోయిన వేసవిలో మీరు ఊరి నుంచి తెచ్చిన జాడీ! ఉప్పునీళ్ళు రాగికి పడతాయా అండీ?

అత్తగారు: మూత నేను గుడ్డ కట్టి మరీ బిగించాను. గన్నవరం దగ్గర స్పీడ్ బ్రేకర్ మీంచి బండిని గాల్లోకి లేపిందెవరు?

అల్లుడు: జాడీ ఒళ్ళో పెట్టుకోమన్నాను కదండీ!

అత్తగారు: ఆరు కేజీల జాడీ! సరే, కాంటాక్ట్ క్లీనర్ తెప్పించండి. తినేసిన పిన్నులు మాత్రం మార్పించాలి. ఆ రెండు తీగల మెలిక విప్పనివ్వకండి. మెలిక ఉంటేనే బయటి గోల రెండింటి మీదా ఒకేలా పడి, తేడా చెడకుండా ఉంటుంది. టెలిఫోన్ కేబుల్లోనూ అంతే.

అల్లుడు: మరి మీ అమ్మాయి అడిగితే?

అత్తగారు: లైన్లో ఫాల్టు దొరికింది, నలభై వేలు మిగిలాయి అని చెప్పండి.

అల్లుడు: ఊట సంగతి?

అత్తగారు: అది చెబితే గన్నవరం సంగతి నేనూ చెప్పాల్సొస్తుంది.

అల్లుడు: ...క్లీనరు ఒక డబ్బా చాలంటారా అత్తయ్యగారూ?