స్వహస్తాలతో చేసిన బండి

మా అత్తగారి ఇంట్లో టీ వడకట్టే జాలి కనబడక పదకొండు రోజులు గడిచాయి. మొదట పనిమనిషిని అనుమానించారు, ఆ తర్వాత కోతిని. (తిరుపతిలో ఏ వస్తువు పోయినా రెండో ముద్దాయి కోతే.) పన్నెండో రోజున అది మా బావమరిది బుల్లెట్టు కార్బురేటర్ మూతికి సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కనబడింది. "ఎయిర్ ఫిల్టర్ బావా, నేనే చేశాను" అన్నాడు. అత్తగారు ఏమీ అనలేదు. కొడుకు పనితనం చూసి ఏ తల్లి మాత్రం ఏమంటుంది? ఆ ఇంటికి వెళ్లిన అల్లుడు మాత్రం పళ్ల మధ్య టీ పొడి ఏరుకుంటూ తిరిగి వచ్చాడు.

పాత మోటారు సైకిలును ఇంటి తయారీ విడిభాగాలతో పునర్నిర్మించడమనే ఈ మహాయజ్ఞానికి ఉపోద్ఘాతం అక్కర్లేదు. ఇలాంటి విశ్వకర్మ మీ వీధిలోనూ ఒకడు ఉండే ఉంటాడు. ఆదివారం తెల్లవారుజామున మిమ్మల్ని నిద్ర లేపేది సుప్రభాతం కాదు, అతడే.

బండి పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి. మా మామగారు 1972లో కొన్నది. మద్రాసు తిరువొత్తియూరు ఫ్యాక్టరీ సరుకు. 346 సీసీ, 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, పోత ఇనుము సిలిండరు, గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మద్రాసు నుంచి నగరి, పుత్తూరు మీదుగా ఆయనే నడుపుకుంటూ తిరుచానూరు తెచ్చుకున్నారు. ఆయన పోయాక కొట్టంలో గోనెసంచుల కింద పడుకుంది. అలా పడుకోనిచ్చినా బాగుండేది. ఎందుకంటే 2021లో కేంద్రం ఒక నిబంధన తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండిని వింటేజ్ వాహనంగా గుర్తిస్తారు, ఇరవై వేలు కడితే "వీఏ" అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. సరిగ్గా ఆ ముసలి బండికి యాభై నిండి, పట్టాభిషేకానికి ముహూర్తం కుదిరిన వేళ, మావాడు గ్రైండర్ అరువు తెచ్చి ఛాసిస్ వెనక భాగం కోసేశాడు.

ఆ గుర్తింపు పోయింది సరే, చట్టం ఇంకో దారిలో గుర్తుపట్టింది. అనుమతి లేకుండా బండి రూపం మారిస్తే యజమానికి ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరుకు చత్వారం ఉన్నా తొమ్మిది మార్పులు కనబడతాయి. నలభై ఐదు వేలు. జైలు మాట తల్లి ముందు ఎత్తవద్దని మా ఆవిడ ఆజ్ఞ.

ఇంత త్యాగం దేనికయ్యా అంటే "కేఫే రేసర్" కోసమట. 1950లు, 60లలో లండన్ కుర్రాళ్లు ఏస్ కేఫే లాంటి చోట్ల చేరి, హ్యాండిల్ కిందికి దించిన తేలికపాటి బండ్ల మీద గంటకు వంద మైళ్లు అందుకోవాలని తహతహలాడేవారు. మనవాడు లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక టీ తాగి, కరకంబాడి రోడ్డులో రెండో టీ తాగడానికి బయలుదేరతాడు. పద్ధెనిమిది హార్స్‌పవర్ ముసలిదాని మీద హ్యాండిల్ ఎంత దించాడంటే, మనిషి బండి నడుపుతున్నాడో అంగప్రదక్షిణం చేస్తున్నాడో చూసేవాళ్లకు అంతుపట్టదు. వెనక సీటు తీసేశాడు. చీర గార్డు పీకేశాడు. భార్య ఆటోలో వస్తుంది. ఆటోయే ముందు చేరుతుంది.

ప్రారంభోత్సవానికి బంధువులందరినీ పిలిచాడు. బండిని మామిడాకులతో అలంకరించి వాకిట్లో నిలబెట్టి, వచ్చినవారికి ఒక్కొక్క భాగాన్నీ పరిచయం చేశాడు. సైలెన్సరు, బోరుబావి పైపు ముక్క. సీటు, పాత బీరువా తలుపు రేకు మీద స్పాంజి. పనిముట్ల పెట్టె, టిఫిన్ క్యారియర్ పై గిన్నె. హెడ్‌లైటు డొప్ప మా అత్తగారి పెళ్లికి వచ్చిన ఇత్తడి గిన్నె. వంగి చూస్తే అంచు మీద ఇప్పటికీ చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు చదవచ్చు, "మేనత్త కానుక" అని. మేనత్త బతికి లేదు కాబట్టి సరిపోయింది.

పురోహితుడు మంత్రాలు చదివాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పెదనాన్న కొడుకు ఫోను పట్టుకుని వీడియోకు సిద్ధమయ్యాడు. మావాడు కొత్త హెల్మెట్ పెట్టుకుని కిక్ కొట్టాడు. బండి ఉలకలేదు.

పాత బుల్లెట్టును తన్నడానికి ఒక శాస్త్రం ఉంది. కిక్ రాడ్ మెల్లగా నొక్కుతూ, కరెంటు కొలిచే అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా చూడాలి. అప్పుడు సిలిండరులో ఒత్తిడి వదిలించే డీకంప్రెసర్ లివరు పట్టుకుని పిస్టన్‌ను శిఖరం దాటించాలి. లివరు వదిలి, ఆ తర్వాతే తన్నాలి. మామగారు లుంగీలో, చెప్పులు లేకుండా, ఒక్క తన్నుకు లేపేవారు. కొడుకు అమ్మీటరు పీకి పారేశాడు, చూపుకు శుభ్రంగా ఉండాలని. ముల్లు లేని బండిని గుడ్డిగా ఏడుసార్లు తన్నాడు. పురోహితుడు ముహూర్తం దాటిపోతోందన్నాడు. ఎనిమిదో తన్నుకు కార్బురేటర్ ఫట్టుమని తుమ్మింది. టీ జాలి ఎగిరి అక్షింతల పళ్లెంలో పడింది. అదే క్షణంలో కిక్ రాడ్ ఎంత బలంగా వెళ్లిందో అంతకు రెట్టింపు బలంతో వెనక్కి వచ్చి మోకాటి కింద ఎముకను పలకరించింది. ఈ గొడవలో అత్తగారు చేసిన పని ఒక్కటే. పళ్లెంలోంచి జాలి తీసి, కొంగుతో తుడిచి, వంటింట్లోకి నడిచారు. నాకు ఇచ్చిన టీలో కొద్దిగా పెట్రోలు వాసన వచ్చింది. మాట్లాడకుండా తాగాను.

నిమ్మకాయలు చెక్కుచెదరలేదు. మావాడిని కారులో పుత్తూరు తీసుకెళ్లాము. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలతో కట్టు కట్టారు. ఈ వ్యవహారం మొత్తంలో నిజంగా చేత్తో చేసిన పని, చక్కగా కుదిరిన పని అదొక్కటే.

ఇంతవరకు నవ్వుకున్నాను. కట్టు వేసుకుని మంచంలో కూర్చుని అతను వీడియో పెట్టాడు. "ఇందులో ప్రతి భాగం నా చేతులతో చేసిందే" అన్నాడు. పైగా బర్ట్ మన్రో పేరెత్తాడు. న్యూజిలాండ్‌కు చెందిన ఆ మహానుభావుడు 1920 నాటి ఇండియన్ స్కౌట్ బండిని షెడ్డులో పెట్టుకుని దశాబ్దాల పాటు చెక్కాడు. పిస్టన్లు తానే పోతపోశాడు. విరిగిన ముక్కలన్నీ అలమారాలో పేర్చి, వేగదేవుడికి నైవేద్యాలని రాసుకున్నాడు. 1967లో, అరవై ఎనిమిదేళ్ల వయసులో, అమెరికాలోని బోన్నెవిల్ ఉప్పు మైదానంలో గంటకు 183 మైళ్లు దాటించాడు. ఆయన అలమారాలో ఉన్నవి ఆయన విరగ్గొట్టుకున్న ముక్కలు. మావాడు నైవేద్యం పెట్టింది పక్కవాడి ఒళ్లు.

ఇంజనులో పిస్టన్‌ను పట్టుకునే కనెక్టింగ్ రాడ్ పై కన్నంలో గన్‌మెటల్ అనే రాగి మిశ్రమంతో చేసిన ఒక బుష్, అంటే చిన్న గొట్టం ఉంటుంది, పిస్టన్ పిన్ను అందులో కూర్చుంటుంది. దాన్ని చేసింది కరకంబాడి రోడ్డులో రేకుల షెడ్డు కింద లేత్ నడిపే మేస్త్రీ. నేను అక్కడే స్టూలు మీద కూర్చుని చూశాను. మధ్యలో కరెంటు పోయి వచ్చింది. గన్‌మెటల్ రజను సన్నగా, పసుపు పొడిలా రాలుతోంది. ఆయన మోచేతి దాకా పాత కాలిన చుక్కలు. కోసి, మైక్రోమీటర్‌తో కొలిచి, పిన్ను దూర్చి చూసి, తల అడ్డంగా ఊపి, మళ్లీ బిగించి వెంట్రుకవాసి తీశారు. చివరికి పిన్ను బొటనవేలితో నొక్కితే జారింది, నిలువుగా పట్టుకుంటే పడలేదు. "ఇంతకన్నా బిగువైతే వేడికి పట్టేస్తుంది సార్, వదులైతే టకటకా కొట్టుకుంటుంది" అన్నారు. ఆరు వందలు అడిగారు. తొమ్మిది వేల హెల్మెట్ చంకలో పెట్టుకున్న మావాడు మూడు వందల యాభైకి దించాడు. దించి, మెట్లు దిగుతూ నా వైపు చూసి కన్ను కొట్టాడు.

సిగ్గు ఉండాలి. రెండున్నర గంటలు ఒక మనిషి కళ్లు చిట్లించి నీ ఇంజను ప్రాణం నిలబెడితే, రెండు వందల యాభై మిగిల్చుకున్నందుకు కన్ను కొడతావా? బేరంలో తగ్గించిన డబ్బు పోనీ, పేరు కూడా తగ్గిస్తావా? పద్నాలుగు నిమిషాల వీడియోలో లేత్ అనే రెండక్షరాలకు చోటు లేదా? నీ చేతులు ఆ బండికి చేసిన పని నాకు తెలుసు. ఒక్కటే. విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ ఇంచీ మర ఉన్న కన్నంలో, ఆ మర కోణం 55 డిగ్రీలని, నీ చేతిలోని మెట్రిక్ బోల్టుది 60 అని చూసుకోకుండా, పానాకు పైపు తొడిగి బలవంతంగా తిప్పి మర చెడగొట్టావు. దాన్ని బాగుచేసింది కూడా ఆ మేస్త్రీయే. అందుకు వంద ఇచ్చావు.

కాణిపాకం వెళదాం పద అన్నాను. కోనేట్లో మునిగి, వినాయకుడి ఎదుట ఒక్క మాట చెప్పు, ప్రతి భాగం నా చేతులతో చేశానని. అక్కడ అబద్ధపు ప్రమాణం చేస్తే ఏమవుతుందో మా ప్రాంతంలో పసిపిల్లలకూ తెలుసు. "తప్పకుండా బావా, కట్టు విప్పనీ" అన్నాడు. కట్టు విప్పి మూడు వారాలైంది. ఇప్పుడు బండి సిద్ధంగా లేదంటున్నాడు. బస్సులో వెళదామన్నాను. బస్సు ఎక్కితే అతనికి వాంతులవుతాయట.