ఆ ఉత్తరాలను సంతకం చూసి అమ్మకండి

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అరుదైన పుస్తకాల కోసం వెతుకుతూ రబ్బీలు (యూదు మతగురువులు) ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు వేలంలో అమ్ముడయ్యే తీరు చూస్తే కడుపు మండుతుంది. సంతకం పేరున్న పండితుడిదైతే మంచి ధర, లేకపోతే కట్టలో ఒకటి. అడిగిన ఉత్తరం ఒకరి చేతికి, దాని జవాబు ఇంకొకరి చేతికి, కవరు చెత్తబుట్టకి. యూరప్‌లో నాశనమైన యూదు పుస్తకాల బీరువాల్లో ఏమేం ఉండేవో చెప్పే సాక్ష్యం ఈ ఉత్తరాలే. జంట విడగొడితే ఆ సాక్ష్యం సగం పోయినట్టే.

అప్పటి పుస్తకాల కరువు ఎలాంటిదో తెలియాలంటే ఒక్క ఉదాహరణ చాలు. జర్మనీలోని శరణార్థి శిబిరాల కోసం యూదుల ప్రధాన ధర్మశాస్త్ర గ్రంథమైన తాల్ముద్ అచ్చువేయించడానికి రబ్బీ శామ్యూల్ స్నీగ్, రబ్బీ శామ్యూల్ రోజ్ అమెరికా సైన్యాన్ని ఒప్పించారు. హైడెల్‌బర్గ్‌లో 19 సంపుటాలుగా వచ్చిన ఆ ముద్రణకు మూలప్రతి కావాలంటే జర్మనీలో పూర్తి సెట్ దొరకలేదు, న్యూయార్క్ నుంచి తెప్పించారు. తాల్ముద్‌కే ఆ గతి పడితే, ఏదో చిన్న ఊళ్లో ఒకే ఒక్కసారి అచ్చయిన ధర్మనిర్ణయాల పుస్తకం ఎక్కడని దొరుకుతుంది?

నాజీలు దోచిన పుస్తకాలను 1946 మార్చి నుంచి జర్మనీలో అమెరికా సైన్యం నడిపిన ఒఫెన్‌బాక్ డిపోలో వేరుచేశారు. మొత్తం 30 లక్షలకు పైనే. అక్కడ కెప్టెన్ ఐజాక్ బెంకోవిట్జ్ గ్రంథాలయాల ముద్రలకు ఫొటోలు తీయించాడు. హీబ్రూ రాని పనివాళ్లు కూడా ముద్ర ఆకారాన్ని బట్టి పుస్తకాలు విడదీయగలిగారు. గొప్ప పద్ధతే, కానీ ముద్ర ఉన్నవాటికే. అట్టలోపల చేత్తో రాసిన పేరు మాత్రమే ఉన్న పుస్తకానికి అది పనికిరాదు. హక్కుదారులు తేలని పుస్తకాలను తర్వాత జ్యూయిష్ కల్చరల్ రీకన్‌స్ట్రక్షన్ సంస్థ పంచింది. ఇజ్రాయెల్‌కు దాదాపు 40 శాతం, అమెరికాకు అంతే, మిగతావి ఇతర దేశాలకు. ఫలానా ప్రతి ఫలానా రబ్బీ ఇంట్లో ఉండేదని ఒక ఉత్తరంలో దొరికే ఒక్క వాక్యం విలువ ఇక్కడే తెలుస్తుంది.

వీటిని చదవడం వేలం జాబితా రాసేవాళ్లు అనుకున్నంత తేలిక కాదు. తేదీ దగ్గరే తప్పులు మొదలవుతాయి. చాలా ఉత్తరాల్లో నెల, తేదీ ఉండవు. వారం పేరు, ఆ వారం చదివే తోరా (యూదుల మూల ధర్మగ్రంథం) భాగం పేరు, అక్షరాల్లో సంవత్సరం, అంతే. హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య విలువ ఉంటుంది. యూదు సంవత్సరం 5708 అయితే వేలు వదిలేసి 708 అని రాస్తారు. దానికి 1240 కలిపితే 1948 వస్తుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. యూదు సంవత్సరం సెప్టెంబరు, అక్టోబరుల్లో మొదలవుతుంది కాబట్టి ‘708, వయేరా భాగం, గురువారం’ అంటే 1947 అక్టోబరు 30. ఏడాది తప్పితే ఏది ప్రశ్నో ఏది జవాబో తారుమారైపోతుంది.

ఉత్తరంలో అడిగిన పుస్తకాన్ని గుర్తుపట్టడం ఇంకా కష్టం. ఒకే పేరుతో వేర్వేరు రచయితల పుస్తకాలుంటాయి, కాబట్టి అచ్చయిన ఊరు, సంవత్సరం, పరిమాణం మూడూ సరిపోవాలి. పాత ముఖపత్రాల మీద సంవత్సరాన్ని మన కటపయాది సంఖ్యలా హీబ్రూ బైబిల్‌లోని ఒక వాక్యంలో దాచేవాళ్లు. అందులో పెద్దవిగా అచ్చువేసిన, లేదా గుర్తుపెట్టిన అక్షరాలనే కూడాలి. అన్నీ కూడితే అసాధ్యమైన సంవత్సరం వస్తుంది. ఊరి విషయంలోనూ మోసముంది. ‘ఆమ్‌స్టర్‌డామ్’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది, దాని పక్కన ‘అక్షరాలతో’ అన్న మాట చిన్నగా ఉంటుంది, అంటే ఆమ్‌స్టర్‌డామ్ రకం అచ్చు అక్షరాలతో అని. పుస్తకం అచ్చయింది ఇంకెక్కడో. ముఖపత్రం చిరిగిన ప్రతిలో ఈ ఆధారాలేవీ ఉండవు. అప్పుడు మొదటి పుటలోని మొదటి పంక్తి, చివరి పుట సంఖ్య రాసి పంపమని అడగడమే దారి. జవాబులో వచ్చిన ఆ రెండు వివరాలే ఈరోజు ఆ ప్రతిని గుర్తుపట్టడానికి మనకు మిగిలేవి.

పుస్తకం పుటకు అప్పటి ఫొటోస్టాట్ నకలు పంపినప్పుడు, ఇప్పటి జిరాక్స్‌లా కాకుండా, నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు ఉంటాయి. వాటిని పాడైన కాగితాలనుకుని ఉత్తరాల నుంచి తీసేయడం ఘోరం. ఒక్కోసారి మూలప్రతి పోయి ఆ నల్ల కాగితమే మిగిలి ఉండవచ్చు.

ఇలాంటి కట్ట ఇంట్లో ఉన్నవాళ్లకు నా మాట ఇది. అమ్ముకునే హక్కు మీది, కాదనను. అమ్మేముందు మాత్రం ప్రతి కాగితం రెండు వైపులా, కవర్లతో సహా స్కాన్ చేయండి. తపాలా ముద్ర మీద తేదీ, ఊరు ఉంటాయి. కట్టలో ఉన్న వరుస మార్చకండి, మూలల్లో పెన్సిల్ రాతలు చెరపకండి. ‘దొరికింది’, ‘పంపాను’ అన్న గుర్తులు అక్కడే ఉంటాయి. ఆ స్కాన్లు ఒక గ్రంథాలయానికి ఇచ్చాకే వేలం వాళ్లకు ఫోన్ చేయండి.