చేతికందిన కొమ్మకు ఒక లేఖ

మహారాజశ్రీ చేతికందిన కొమ్మ గారికి,

హన్మకొండ నుంచి మీ పాత భక్తుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు రోజుల్లో డిపార్ట్‌మెంట్ ముందున్న అరకేరియాలో, అదేనండీ, మనోళ్లు క్రిస్మస్ చెట్టు అంటారే, దాంట్లో నాకు అందింది మీరొక్కరే. నిచ్చెన అడిగితే స్టోర్‌రూం తాళం కనబడట్లేదన్నారు. మీ దగ్గరే గుప్పెడు ఆకులు తెంపి, ఆరబెట్టి, పొడి చేసి, నత్రజని ఇంత అని తేల్చి, పక్కన 'చెట్టు నం. 1' అని రాసేశాను. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదా అని ధైర్యం!

కుండలో ఎసరు అన్ని మెతుకులకూ ఒక్కటే. చెట్టు సంగతి అది కాదట. మీ వంశంలో ఎండకు ఎదురు నిలిచే పైకొమ్మల ఆకులు దళసరి. నీడన ఉండే మీలాంటి వారివి పలుచన, గ్రాము లెక్కన పత్రహరితం మాత్రం ఎక్కువ. కాలిఫోర్నియా రెడ్‌వుడ్‌లలో 100 మీటర్లు దాటినవి ఉన్నాయి. వాటి కింది ఆకునూ శిఖరాన ఉన్న ఆకునూ పక్కపక్కన పెడితే రెండూ ఒకే చెట్టువంటే నమ్మరు.

ఎత్తు తేడా ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేవాణ్ణి. పైన్, స్ప్రూస్ లాంటి మీ చుట్టాలకు ఒకే కొమ్మ మీద కొసన ఈ ఏటి ఆకు, దాని వెనక నిరుడుది, ఇంకా వెనక ముందటేడుది ఉంటాయి. బ్రిస్టిల్‌కోన్ పైన్ అయితే ఆకును 30 ఏళ్లు దాటినా వదలదు. ఆకు ముదిరేకొద్దీ నత్రజని, పొటాషియం మూట సర్దుకొని కొత్త చిగుళ్ల వైపు పోతాయి. కాల్షియం మాత్రం ఖాళీ చెయ్యని కిరాయిదారు. దిగిందంటే కదలదు, పైగా ఏటా బలగం పెంచుకుంటుంది. ఇప్పుడు నేను పొడి చేసింది ఎవరిని?

యూరప్ అడవుల సర్వేల్లో కొమ్మ కోస్తే పై మూడో వంతులో, ఎండ తగిలే చోటే కొయ్యాలి. అక్కడ మీకు చెల్లుబాటు లేదు, ఏమనుకోకండి. అంతదూరం ఎందుకు, మన ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కొనేవాడు బస్తా మూతి దగ్గర మెరిసే కాయ చూసి ధర చెప్తాడా? మోచేతి దాకా చెయ్యి పెడతాడు. నేను ఎమ్మెస్సీ చదివానుగా, పెట్టలేదు.

నోట్‌బుక్‌లో 'చెట్టు నం. 1' కొట్టేసి 'గేటు వైపు, నాలుగున్నర అడుగుల ఎత్తు, అందిన కొమ్మ' అని దిద్దుకున్నాను.

ఇట్లు,
మీ ఆకులు తెంపినవాడు

తా.క.: స్టోర్‌రూం తాళం దొరికిందట. లోపల నిచ్చెన లేదట.